వాహన పోషణ: మరమ్మతు తరువాత మొరాయించే గేర్లు

ఈ శీర్షికకు వచ్చే లేఖలలో చాలావరకు ఋతువులను అనుసరించి వస్తాయి. వేసవిలో ఇంజను వేడెక్కుట గురించి, వానాకాలంలో వైపర్ల గురించి, బ్రేకుల గురించి వ్రాస్తారు. ఏ ఋతువుతోను సంబంధం లేకుండా ఏడాది పొడవునా వచ్చే లేఖ మాత్రం ఒకటి ఉన్నది. "బండి బాగానే ఉండేది. సర్వీసుకు ఇచ్చాము. ఇంటికి తెచ్చుకున్న మరునాటి నుండి గేరు సరిగా పడటం లేదు." ఊళ్ళు మారుతాయి, బండ్లు మారుతాయి, విషయం ఇదే. ఒక్కొక్క లేఖకు విడివిడిగా సమాధానం వ్రాయుటకన్న ఈ మాసం శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయించుట మంచిదని భావించాము.

ఉదాహరణకు ఒక సోదరి వ్రాసిన లేఖను తీసుకుందాము. భర్తకు షిఫ్టు డ్యూటీలు. అత్తగారిని వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళే బాధ్యత ఆమెదే. వారిది పాతబండిగా కొన్న చిన్న కారు, అయిదు గేర్లది. క్లచ్ ప్లేటు అరిగిపోగా ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్పించారు. బండి చేతికి వచ్చిన రోజునే రివర్సు వేయబోతే గరగరమని శబ్దం వచ్చింది. రెండు రోజులకు ఫస్టు గేరు కూడా మొండికేసింది. తిరిగి వెళ్ళి అడిగితే మేస్త్రీ, "అమ్మా, కొత్త ప్లేటు కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది" అన్నాడట. మరొక షెడ్డులో చూపిస్తే, "గేరు బాక్సు దించాలి మేడమ్, లోపల పళ్ళు పోయాయి" అన్నారట. ఎవరి మాట నమ్మవలెను, సహకార పరపతి సంఘంలో ఎంత అప్పుకు దరఖాస్తు పెట్టవలెను అని ఆమె ప్రశ్న.

అప్పుకు దరఖాస్తు ఇప్పుడే వద్దని, ముందుగా ఇంటి ముందర నిలబెట్టిన బండిలోనే ఒక చిన్న పరీక్ష చేయవలసినదని మేము ఆమెకు వ్రాశాము. ఆ పరీక్ష ఏమిటో చెప్పేముందు క్లచ్ చేసే పనిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోవలెను.

ఇంజను తిరుగుతూనే ఉంటుంది. గేర్లు మార్చవలెనంటే ఆ తిరుగుడు గేరు బాక్సులోనికి పోకుండా ఒక్క క్షణం తెగవలెను. ఆ తెగుడు కోసమే క్లచ్ పెడల్. అది పూర్తిగా తెగకపోతే లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతూ ఉంటుంది. తిరిగే చక్రం పళ్ళలోనికి నిలిచి ఉన్న చక్రాన్ని నెట్టితే గరగరమనక ఏమవుతుంది? ముందుకు పోయే గేర్లలో రెండు చక్రాల వేగాన్ని సమం చేసే ఇత్తడి కంకణాలు ఉంటాయి. మెకానిక్కులు వీటిని సింక్రో రింగులంటారు. ఇవి కొంతవరకు లోపాన్ని కప్పిపుచ్చుతాయి. పెక్కు కార్లలో రివర్సు గేరుకు ఈ కంకణం ఉండదు. కనుక క్లచ్ సరిగా తెగనప్పుడు మొట్టమొదట అరిచేది రివర్సు గేరే. అది అరిచినంత మాత్రాన అది పాడైనదని అర్థం కాదు. పొగ చూసి కేక వేసిన కాపలావానిని నిప్పు పెట్టినవాడని పట్టుకోకూడదు కదా.

ఇక పరీక్ష. బండిని చదునైన నేలమీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపివేయండి. క్లచ్ త్రొక్కి వరుసగా అన్ని గేర్లూ, రివర్సుతో సహా, వేసి చూడండి. ఎక్కడైనా పళ్ళు ఎదురెదురుగా నిలిచి గేరు పడకపోతే ఒకసారి పెడల్ వదలి మళ్ళీ త్రొక్కి వేయండి. తరువాత ఇంజను స్టార్టు చేసి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ అడుగంటా త్రొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లూ తేలికగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే, అంతసేపు ఆగిన తరువాత కూడా గరగరమంటే దోషం క్లచ్ తెగుడులో ఉన్నదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చును. గేరు బాక్సును అనుమానించే పని లేదు. ఆగి వేసినప్పుడు శబ్దం లేక, తొందరపడి వేసినప్పుడు మాత్రమే వస్తే అది సింక్రో లేని రివర్సు గేరుకు సహజమే. ముందు ఒక ముందు గేరులో వేసి అటుపిమ్మట రివర్సు వేస్తే శబ్దం ఉండదు. ఇంజను ఆపినప్పుడు కూడా గేరు పడక మొండికేస్తే అప్పుడు గేరు కడ్డీ నుండి బాక్సు వరకు పోయే కేబుళ్ళను, లింకులను చూడవలెను. అవి కూడా సరిగా ఉన్నప్పుడే లోపలి భాగాల ప్రసక్తి వస్తుంది.

ఆ సోదరి బండిలో ఇంజను ఆపితే అన్ని గేర్లూ వెన్నలో కత్తి దిగినట్లు పడ్డాయి. వారిది కేబుల్ క్లచ్ కాదు, హైడ్రాలిక్ క్లచ్. అంటే పెడల్ త్రొక్కుడును సన్నని గొట్టంలోని ద్రవం మోసుకుపోతుంది. పెట్టె దించునపుడు ఆ గొట్టాన్ని విప్పారు, బిగించునపుడు లోపల గాలి మిగిలిపోయింది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పెడల్ అడుగంటినా అవతలి కొసకు సగం కదలికే చేరుతుంది. మొదటి మేస్త్రీయే గాలి తీసి, ద్రవం నింపి ఇచ్చాడు. గేరు బాక్సు దించలేదు. వెయ్యి కిలోమీటర్లు అలాగే తిప్పి ఉంటే ఆ గరగర నిజంగానే లోపలి పళ్ళను తినివేసి, రెండవ షెడ్డువారి మాటను నిజం చేసి ఉండేది.

బాగున్న యంత్రం బాగుచేసిన తరువాత చెడటం వింతగా తోచవచ్చును గాని, మన ప్లాంటులో పనిచేసిన వారికి ఇది క్రొత్త కాదు. పెద్ద షట్‌డౌన్ ముగిసి యంత్రాన్ని తిరిగి నడిపించిన తొలి గంటలలో ఎంత అప్రమత్తంగా ఉంటామో అందరికీ తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు వైమానిక దళపు కోస్టల్ కమాండ్‌లో సి.హెచ్. వాడింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు విమానాల మరమ్మతుల లెక్కలు పరిశీలించాడు. ఈయన వృత్తిరీత్యా జీవశాస్త్రజ్ఞుడు, పిండోత్పత్తిని గురించి పరిశోధించినవాడు. మెకానిక్కు కానందువల్లనే కాబోలు లెక్కలను లెక్కలుగా చూడగలిగాడు. ఎగిరిన ప్రతి 50 గంటలకు ఒకసారి తనిఖీ చేసేవారు. తనిఖీ ముగిసిన వెంటనే అనుకోని మరమ్మతులు పెరిగి, తరువాత క్రమంగా తగ్గుతున్నట్లు తేలింది. అనగా తనిఖీ పేరిట చేసిన విప్పుడు, బిగింపుడే కొన్ని దోషాలను తెచ్చిపెడుతున్నది. ఈ వివరాలు ఆయన గ్రంథంగా 1973లో వెలువడినాయి. 1978లో అమెరికా రక్షణ శాఖ కోసం నౌలాన్, హీప్ అనే ఇద్దరు విమానయాన సంస్థ ఇంజనీర్లు సమర్పించిన నివేదిక కూడా ఇదే దారిలో ఉన్నది. వారు పరిశీలించిన విమాన భాగాలలో 68 శాతం, బిగించిన తొలిదశలోనే ఎక్కువగా చెడి, తరువాత నిలకడగా పనిచేసే తరగతికి చెందినవి.

విమానం లెక్క కారుకు యథాతథంగా వర్తించదు. సర్వీసు మానివేయమని కూడా దీని అర్థం కాదు. నూనె పాతబడుతుంది, ప్లేటు అరుగుతుంది, మార్చక తప్పదు. మనకు పనికివచ్చే అంశం ఒక్కటే. సర్వీసుకు ముందు లేని దోషం సర్వీసు తరువాత కనబడితే "గేరు బాక్సు ఎందుకు పోయింది?" అని అడుగుటకు ముందు "ఈసారి దేనిమీద చేయి పడింది?" అని అడగవలెను. బిల్లులోని పద్దులే దారి చూపుతాయి.

బిల్లులో క్లచ్ పని ఉంటే పైన చెప్పిన గాలి ఒకటి. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సర్దుబాటు మరొకటి. పెడల్ మొదట్లో కొద్దిమేర వదులుగా కదలి, ఆ తరువాత బిగువు తగలవలెను. ఎంత వదులు ఉండవలెనో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వదులు మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా తెగదు, గేర్లు అరుస్తాయి. అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గోల పెరుగుతుంది గాని బండి ముందుకు సాగదు, కాలిన వాసన వస్తుంది. ఈ రెండవది ప్రమాదకరం, ఎందుకనగా కొత్త ప్లేటు కొద్ది రోజులలోనే మాడిపోతుంది. ఇవి కాక, గేరు బాక్సును ఎక్కించేటప్పుడు దాని బరువును క్రింద జాకీమీద కాక షాఫ్టు ద్వారా ప్లేటుమీద వ్రేలాడనిస్తే ప్లేటు వంగుతుంది. ప్లేటును తిరగవేసి బిగించుట, ముట్టుకున్న చేతి గ్రీజు ప్లేటు ముఖానికి అంటుట కూడా జరుగుతూ ఉంటాయి. గ్రీజు అంటితే బండి కదలేటప్పుడు వణుకుతుంది. ఈ మూడింటికీ బాక్సు మళ్ళీ దించక తప్పదు. కాని దించేది క్లచ్ చూచుటకు మాత్రమే. గేరు బాక్సును విప్పుటకు కాదు. ఈ తేడాను షెడ్డులో గట్టిగా చెప్పండి. "దించడం" వేరు, "విప్పడం" వేరు. బిల్లులో ఈ రెండింటి మధ్య పెద్ద అంతరం ఉన్నది.

బిల్లులో నూనె మార్పు ఉంటే కథ వేరుగా ఉంటుంది. గేర్ ఆయిలు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. డబ్బామీద జి.ఎల్.-4, జి.ఎల్.-5 అని వ్రాసి ఉంటుంది. జి.ఎల్.-5 రకంలో విపరీతమైన ఒత్తిడికి తట్టుకొనే గంధక, భాస్వర సమ్మేళనాలు ఎక్కువ. వెనుక చక్రాలను త్రిప్పే బరువైన బండ్ల డిఫరెన్షియల్‌కు అది తగినది. కాని సింక్రో కంకణం పనిచేసేది కొద్దిపాటి రాపిడివల్లనే. నూనె మరీ జారుడుగా ఉంటే కంకణం పట్టు చిక్కక రెండవ, మూడవ గేర్లు అరుస్తాయి. కొన్ని సమ్మేళనాలు కాలక్రమాన ఇత్తడిని తినివేస్తాయి కూడా. "అయిదు పెద్దది, నాలుగు చిన్నది, కాబట్టి మంచిదే వేశాము" అని చెప్పే షెడ్డులు ఉన్నాయి. ఈ సంఖ్యలు తరగతులేగాని మార్కులు కావు. చిక్కదనం కూడా అంతే. 75డబ్ల్యు-80 వేయమన్న బాక్సులో 80డబ్ల్యు-90 వేస్తే చలికాలపు ఉదయాన మొదటి రెండు కిలోమీటర్లూ గేరు కడ్డీ బరువెక్కుతుంది. ఉత్తరాదిలో, కొండ ప్రాంతపు ప్రాజెక్టులలో ఉన్న మన ఉద్యోగ సోదరులు దీనిని మరింతగా గమనించగలరు. తప్పు నూనె పడినదని తెలిసిన వెంటనే తీసివేసి సరియైనది పోస్తే చాలా సందర్భాలలో ఏ నష్టమూ మిగలదు. నెలల తరబడి తిప్పితే మిగులుతుంది.

నూనె విషయంలో అన్నిటికన్న చిత్రమైన పొరపాటును ఇక్కడ చెప్పక తప్పదు. ముందు చక్రాలు త్రిప్పే కార్లలో ఇంజను, గేరు బాక్సు ప్రక్కప్రక్కనే ఉంటాయి. క్రింది నుండి చూస్తే రెండింటికీ నూనె దింపే బోల్టులు కనబడతాయి. ఇంజను ఆయిలు మార్చమని చెబితే, కుర్రవాడు తొందరలో గేరు బాక్సు బోల్టు విప్పి అందులోని నూనెను దింపివేసి, పైనుండి ఇంజనులో క్రొత్త నూనె పోస్తాడు. ఫలితంగా ఇంజనులో పాత నూనె, క్రొత్త నూనె కలసి రెట్టింపు అవుతాయి. గేరు బాక్సు ఎండిపోతుంది. ఇది కట్టుకథ కాదు. విదేశాలలో కూడా, ముఖ్యంగా సుబారు కార్ల విషయంలో, పదేపదే జరిగే పొరపాటుగా ఇది ప్రసిద్ధి. లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. సర్వీసు నుండి వచ్చిన కొద్ది కిలోమీటర్లకే గేరు బాక్సు నుండి ఈల వంటి మోత వస్తుంది, వేగంతోపాటు పెరుగుతుంది. అనుమానం కలిగితే బండిని చదునైన నేలమీద నిలిపి ఇంజను ఆయిలు డిప్ స్టిక్కు తీసి చూడండి. నూనె పై గీతను దాటి చాలా ఎత్తున ఉంటే బండిని అక్కడే ఆపివేసి, ఇంజను స్టార్టు చేయకుండా లాగించుకొని వెళ్ళండి. ఈ ఒక్క పరీక్షను సర్వీసు నుండి బండి తెచ్చుకొనే ప్రతిసారీ షెడ్డు గుమ్మంలోనే చేయుట అలవాటు చేసుకోవలసినదని మా సలహా. ఇంటిలో ఎవరైనా చేయగలరు. చేతికి అంటేది ఒక్క బొట్టు నూనె.

నూనె కారుటను కనుగొనుటకు రాత్రి బండి క్రింద ఒక పాత అట్టముక్క పరచి ఉంచండి. క్లచ్ పనిలో చక్రాల షాఫ్టులను గేరు బాక్సు నుండి లాగుతారు. తిరిగి గ్రుచ్చేటప్పుడు రబ్బరు సీలు అంచు చిరిగితే కొద్దికొద్దిగా నూనె పోతుంది. గేర్ ఆయిలుకు ఒక విధమైన ఘాటు గంధకపు వాసన ఉంటుంది. ఇంజను ఆయిలు సర్వీసైన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆటోమేటిక్ బండ్లలో వాడే ద్రవం చాలావరకు ఎర్రగా ఉంటుంది. అట్టమీది మచ్చ ఎక్కడ పడిందో పెన్సిలుతో గుర్తుపెట్టి ఆ అట్టనే మేస్త్రీకి చూపించండి. మాటలకన్న అది తొందరగా అర్థమవుతుంది.

బయటి భాగాలను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. గేరు కేబుల్ క్లిప్పు సరిగా కూర్చోకపోయినా, ఇంజను మౌంటింగు బోల్టు వదులుగా మిగిలినా గేరు కడ్డీ వణుకుతుంది, గేరు జారి న్యూట్రల్‌లోకి వస్తుంది. బాక్సు నుండి బాడీకి పోయే ఎర్తు తీగను తగిలించుట మరచిపోతే స్టార్టరు నీరసంగా తిరుగుతుంది. రివర్సు లైటు వెలగకపోతే బాక్సుమీది స్విచ్చి ప్లగ్గు పెట్టలేదని అర్థం. అది మరచినవారు మరేదో కూడా మరచి ఉండవచ్చునని మేము అనుమానిస్తాము. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజులలో గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన ఉండేది. లింకులు ఇరుక్కుంటే డ్రైవరే బానెట్ ఎత్తి చేతితో విడదీసి ముందుకు సాగేవాడు. నేటి బండ్లలో ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు ఆటోమేటిక్ బండ్ల సంగతి. ఇటీవలి లేఖలలో సగం వీటిని గురించే. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఎ.ఎమ్.టి. పద్ధతి సామాన్య కుటుంబాలకు అందుబాటులోనికి వచ్చింది. దీనిని చూచి భయపడవలసినది లేదు. లోపల ఉన్నది మామూలు గేరు బాక్సే, మామూలు క్లచ్చే. త్రొక్కే కాలు, మార్చే చేయి స్థానంలో ఒక యంత్రాంగం పనిచేస్తుంది. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు క్రొత్త ప్లేటు ఎక్కడ పట్టుకొంటుందో ఆ యంత్రాంగానికి స్కానర్ ద్వారా తిరిగి నేర్పవలెను. నేర్పకపోతే బండి కదలేటప్పుడు కుదుపు, వెనుకకు జారుడు, గేరు మార్పులో తడబాటు కనబడతాయి. "ప్లేటు మార్చిన తరువాత స్కానర్ పెట్టి లెర్నింగు చేశారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. సమాధానం తడబడితే కారణం దొరికినట్లే.

పూర్తి ఆటోమేటిక్ బండ్లలో సర్వీసు సమయాన బ్యాటరీ విప్పితే, మన నడిపే తీరునుబట్టి యంత్రం నేర్చుకున్న కొలతలు కొన్నిటిలో చెరిగిపోతాయి. కొద్ది రోజులు గేర్లు మొరటుగా మారి, తరువాత సర్దుకోవచ్చును. "సర్దుకుంటుంది" అన్న మాట న్యాయంగా చెల్లే సందర్భం మాకు తెలిసి ఇదొక్కటే. కాని బండి ఒకే గేరులో నిలిచిపోయి, డ్యాష్‌బోర్డుమీద దీపం వెలిగితే అది సర్దుకునేది కాదు. బాక్సుకు పోయే తీగల ప్లగ్గు ఏదో ఊడి ఉండవచ్చును, సెన్సరు తెగి ఉండవచ్చును. యంత్రం తనను తాను రక్షించుకొనుటకు అలా నిలుస్తుంది. సి.వి.టి. బండ్లలో ఆ బాక్సుకు నిర్ణయించిన ద్రవమే పోయవలెను. మామూలు ఎ.టి.ఎఫ్. పోస్తే లోపలి బెల్టు జారి, సాధారణంగా బాగుచేయుటకు వీలులేని నష్టం కలుగుతుంది. ఈ బాక్సులలో ద్రవమట్టాన్ని నిర్ణీత ఉష్ణోగ్రతలోనే కొలవవలెను. చల్లని బండిలో కొలిచి నింపితే మట్టం తప్పుతుంది. ఎక్కువైతే నురగ కట్టి, తక్కువైతే పంపు గాలి పీల్చి, రెండు విధాలా గేరు జారుతుంది.

"లక్ష కిలోమీటర్లు నూనె మార్చకుండా తిప్పాము, మార్చగానే గేరు జారింది, మార్చకుండా ఉండవలసినదా?" అని ఒక సోదరుడు అడిగారు. ఇందులో మెకానిక్కు తప్పు లేకపోవచ్చును. లోపలి క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగి ఉంటే, క్రొత్త నూనె అప్పటివరకు దాగిన అరుగుదలను బయటపెడుతుంది. పైగా, చాలామంది గేరు కొద్దిగా జారుతున్నప్పుడే నూనె మార్చమని తీసుకువెళతారు. ఆ మాట తరువాత మరచిపోతారు. నూనె దింపినప్పుడు బోల్టు అయస్కాంతానికి సన్నని బూడిద వంటి పొడి అంటితే సహజం. మెరిసే ఇనుప తునకలు కనబడితే దోషం పాతది. కనుక ఆ బోల్టును తుడిచివేయకముందు తనకు చూపించమని ముందే చెప్పి ఉంచుట ఇరువైపులా మంచిది.

ఇక షెడ్డుకు తిరిగి వెళ్ళే పద్ధతి. కోపంతో వెళ్ళినందువలన ప్రయోజనం లేదు. ఆ మేస్త్రీ కూడా మనవలె చేతిపనితో బ్రతికేవాడే. బోల్టులు మరచిపోయేది తెలివితక్కువవల్ల కాదు. సగం పనిలో మరొక బండి కోసం పిలుపు రావటం వల్ల, పని ఒకరు మొదలుపెట్టి మరొకరు ముగించటం వల్ల. మన ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కు ఎందుకు వ్రాస్తామో, బిగించిన బోల్టుకు రంగు గుర్తు ఎందుకు పెడతామో ఆలోచిస్తే ఇది తెలుస్తుంది. షెడ్డులో ఆ లాగ్ బుక్కు ఉండదు. ఆ లోటును మనమే పూరించవలెను. ఏ గేరు, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతనా, ఎన్ని కిలోమీటర్ల వద్ద మొదలైనదీ ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. మీరు వర్ణించవద్దు, మేస్త్రీని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి మీరు ప్రక్కన కూర్చోండి. "అన్నా, మీరే ఒకసారి రివర్సు వేసి చూడండి" అంటే చాలు. తన చేతికి తగిలిన దోషాన్ని ఏ మంచి పనివాడూ కాదనడు.

క్లచ్ జారుతున్నా, గేరు తానై న్యూట్రల్‌లోకి వస్తున్నా, నూనె ధారగా కారుతున్నా షెడ్డుకు కూడా బండిని నడుపుకొని వెళ్ళవద్దు. తిరుమల, అనంతగిరి వంటి ఘాట్ రోడ్లలో దిగేటప్పుడు గేరు జారితే ఇంజను పట్టు పూర్తిగా పోయి, భారమంతా బ్రేకులమీదనే పడుతుంది. లాగించవలసివస్తే, ముందు చక్రాలు త్రిప్పే ఆటోమేటిక్, సి.వి.టి. బండ్లకు ముందు చక్రాలు నేలకు ఆనకూడదు. బండి మొత్తాన్ని ఎక్కించుకునే వాహనమైతే ఇంకా క్షేమం.

మొదటి షెడ్డు బాధ్యత తీసుకోకపోతే మాత్రం వెంటనే మరొకచోట గేరు బాక్సు విప్పించవద్దు. విప్పిన మరుక్షణం మొదటివారు "వాళ్ళే పాడుచేశారు" అంటారు. ఆ మాటను కాదనుటకు మన వద్ద ఆధారం మిగలదు. రెండవ మెకానిక్కు చేత, విప్పకుండా చూచి తోచిన కారణాన్ని సంతకంతో వ్రాయించుకొని, మొదటివారికి వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. సరిగా చేయని మరమ్మతు సేవాలోపం క్రిందికే వస్తుంది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండు సంవత్సరాలలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. మరమ్మతుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. అంతకుముందే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు తెలుగులోను మాట్లాడతారు. చాలా తగాదాలు అక్కడే పరిష్కారమవుతాయి. తీసివేసిన పాత భాగాలను షెడ్డులో వదలక ఇంటికి తెచ్చుకోండి. కిలోమీటర్ల అంకె కనబడేటట్లు డ్యాష్‌బోర్డు ఫొటో ఒకటి తీసి ఉంచండి. మొదటి షెడ్డుకు వ్రాసే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును మరమ్మతు బిల్లుతోనే గ్రుచ్చి భద్రపరచండి.